సున్నం పడిన కంటికి సొంత మూలకణాల మార్పిడి: ఎలా సిద్ధపడాలి

తాంబూలానికి వాడే సున్నం పొట్లం పిల్లల చేతిలో చిట్లినా, వెల్ల వేసేటప్పుడు కుంచె నుంచి చింది పడినా, కంట్లోకి వెళ్ళిన సున్నం పైపైన ఆగదు. అది క్షారం కనుక, కడిగేదాకా లోపలి పొరల్లోకి దిగుతూనే ఉంటుంది. అందువల్ల చికిత్స ఇంట్లోని కుళాయి దగ్గరే మొదలు కావాలి. రెప్పలు విడదీసి పట్టుకొని, శుభ్రమైన నీటిని ధారగా పోస్తూ కనీసం అరగంట కడగాలి, కనిపించిన సున్నపు పలుకులను తడి గుడ్డ కొసతో తీసివేయాలి, ఆ వెంటనే కంటి ఆసుపత్రికి వెళ్ళాలి. పాలు, నెయ్యి, ఆముదం వంటివేవీ పోయకూడదు.

ఇంత చేసినా కొందరి కళ్ళలో నల్లగుడ్డు మీద ఎర్రటి నరాలతో తెల్లని పొర పాకుతుంది. ఊళ్ళలో దీనినే పువ్వు పడిందంటారు. నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే అంచున ఉండే లింబస్ అనే సన్నని వలయంలోని మూలకణాలు కార్నియా, అంటే నల్లగుడ్డు మీది పారదర్శక పొర, దాని పైపొరను జీవితాంతం కొత్తగా పుట్టిస్తుంటాయి. అవి కాలిపోతే కార్నియాకు కాపలా పోయినట్లే. ఈ స్థితిలో దాత కార్నియాను మాత్రమే అమర్చితే, దాని పైపొరను పోషించే కణాలు లేక అదీ చెడిపోతుంది. కాబట్టి ముందు కణాలు, తరువాతే అవసరమైతే కార్నియా. ఈ వరుస తప్పవద్దు.

రెండో కన్ను బాగుంటే కణాలను దాని నుంచే తీసుకోవచ్చు. 1997లో ఇటలీ శాస్త్రవేత్తలు ఇలాంటి కణాలను ప్రయోగశాలలో పెంచి అమర్చి చూపారు. అందుకయ్యే ఖర్చు, ప్రయోగశాల అవసరం లేకుండా పని జరిగే పద్ధతిని హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో డాక్టర్ వీరేందర్ సాంగ్వాన్ బృందం 2012లో ప్రకటించింది. దీని పేరు సింపుల్ లింబల్ ఎపిథీలియల్ ట్రాన్స్‌ప్లాంటేషన్, క్లుప్తంగా స్లెట్. మంచి కంటి అంచు నుంచి సుమారు 2 మిల్లీమీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న చిన్న ముక్కను తీస్తారు. పాడైన కంటిపై పాకిన పొరను ఒలిచి, కాన్పు సమయంలో దానమిచ్చిన మాయ నుంచి సేకరించిన పలుచని పొరను ఫైబ్రిన్ అనే రక్తపు ప్రొటీనుతో చేసిన జిగురుతో పరుస్తారు. తీసిన ముక్కను ఎనిమిది, పది తునకలుగా కోసి, మడిలో నారు నాటినట్లు ఎడం ఎడంగా ఆ పొరపై అతికిస్తారు. ఒక్కొక్క తునక నుంచి కణాలు పెరిగి, సుమారు రెండు వారాల్లో ఒకదానితో ఒకటి కలుసుకొంటాయి. సొంత కణాలే కనుక శరీరం తిరస్కరించదు. రోగనిరోధక శక్తిని అణచే మాత్రలు అక్కర్లేదు.

మంచి కంటిని ముట్టుకోవడానికి కుటుంబం జంకడం సహజం, ఆ భయాన్ని తేలికగా తీసివేయకూడదు. తీసేది చాలా తక్కువ భాగం, ఆ గాయం త్వరగా మానుతుంది. అయితే ఆ కంట్లోనూ ఆ రోజు కొద్దిగా సున్నం పడి ఉంటే, గతంలో దానికి ఆపరేషన్ జరిగి ఉంటే, తప్పక డాక్టరుకు చెప్పాలి.

ఈ ఆపరేషన్‌కు తొందర పడకూడదు. కంట్లో ఎరుపు, వాపు పూర్తిగా చల్లబడేదాకా, సాధారణంగా ఆరు నెలలకు పైగా, ఆగాలి. రెప్పలు మూతపడకపోయినా, లోపలికి ముడుచుకున్నా ముందు వాటిని సరిచేయించాలి. కన్ను బాగా పొడిబారి ఉంటే ఈ చికిత్స నిలవదు. పెద్దలకు కంటి చుట్టూ మత్తుసూది చాలు, పిల్లలకు పూర్తి మత్తు ఇస్తారు కనుక పరగడుపు నియమం ఖచ్చితంగా పాటించాలి.

ఆపరేషన్ తరువాతి బాధ్యత ఎక్కువగా ఇంటివారిదే. చేతులు సబ్బుతో కడుక్కొని, కింది రెప్పను కొద్దిగా లాగి, సీసా మొన తగలకుండా ఒక్క చుక్క వేయాలి. రెండు మందుల మధ్య ఐదు నిమిషాలు ఆగాలి. స్టెరాయిడ్ చుక్కలను మధ్యలో మానకూడదు, గడువు దాటి సొంతంగా కొనసాగించకూడదు. అలా కొనసాగిస్తే కంటిలో ఒత్తిడి పెరిగి చూపునాడి దెబ్బతినవచ్చు. డాక్టరు చెప్పేదాకా తలస్నానం వద్దు. రాత్రి కంటికి రక్షణ కవచం ఉండాలి. కంటికి కట్టులా రక్షణగా పెట్టిన మెత్తని బ్యాండేజ్ లెన్స్ ఊడితే తిరిగి పెట్టకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. నొప్పి, పుసి, ఎరుపు పెరిగినా అంతే.

అదే సంస్థ 2016లో ప్రచురించిన ఫలితాల్లో 125 కళ్ళకు గాను 95 కళ్ళలో మార్పిడి నిలిచింది. ఆ 125 మందిలో 60 మంది పిల్లలు. ఈ సంఖ్య చదివినప్పుడు మనసు కలుక్కుమంటుంది. పిల్లల విషయంలో కార్నియా తేటపడినంత మాత్రాన చూపు రాదు, ఎందుకంటే ఇన్నాళ్ళు వాడని కంటిని మెదడు పక్కన పెట్టేసి ఉంటుంది. డాక్టరు చెప్పినన్ని గంటలు మంచి కంటికి పట్టీ వేసి, బిడ్డ ఏడ్చినా ఓపికగా బొమ్మలు, అక్షరాలు చూపిస్తూ చికిత్స చేసిన కంటితోనే చూసే అలవాటు చేయించాలి.