స్టేషనరీలో ఏ రాయాలా, ఈ రాయాలా?
మన విశాఖలో జగదాంబ సెంటర్ దగ్గర ఓ షాపు బోర్డు చూసి నవ్వొచ్చింది. స్టేషనరీ అని ఇంగ్లీషులో రాస్తూ ఆర్‌కి ముందు ఈ బదులు ఏ పెట్టేశారు, అంటే అక్కడ పెన్నులూ కాగితాలూ కాదు, కదలకుండా ఆగి ఉన్నదేదో అమ్ముతున్నట్టు! పలకడం ఒకటే కాబట్టి నేనూ చాన్నాళ్లు తికమకపడ్డాను. ఇప్పుడైతే ఏ కనిపిస్తే ‘ఆగినది’, ఈ కనిపిస్తే ఈతోనే మొదలయ్యే ఎన్వలప్, అంటే పెన్నులూ కాగితాలూ, అంతే.

ఇంకోటి, మన పోర్టులో ఈస్ట్ క్వే, వెస్ట్ క్వే అంటాం కదా, ఓడలు ఆగే ఆ గట్టుని క్యూ, యూ, ఏ, వై అని రాసినా ఇంగ్లీషువాళ్లు పలికేది ‘కీ’ అనే, అచ్చం తాళంచెవిలాగే. వినేటప్పుడు చుట్టూ ఉన్న మాటలు పట్టుకోండి, ఓడ ఊసొస్తే గట్టు, తలుపు ఊసొస్తే తాళంచెవి.