సదరంలో శాతం తగ్గిందని నోటీసు వస్తే అప్పీలు ఎలా చేయాలి?

సదరం అంటే వైకల్యం ఎంత శాతమో తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే ప్రభుత్వ విధానం. ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛన్లకు 2025లో మళ్లీ వైద్య పరీక్షలు జరిగాయి. ఆ తర్వాత చాలామందికి నోటీసులు అందాయి. నోటీసు చేతికి రాగానే సచివాలయం చుట్టూ తిరగడం మొదలుపెట్టకండి. ముందు అందులో ఏ కారణం రాశారో చూడండి. వైకల్యం అర్హతకు కావాల్సిన 40 శాతం లోపని రాయవచ్చు, తాత్కాలికమని రాయవచ్చు, లేదా 85 శాతం లేదు కాబట్టి తీవ్ర వైకల్యానికి ఇచ్చే రూ.15,000 పింఛను రూ.6,000 అవుతుందని రాయవచ్చు. ఏ కారణం రాశారో దానికే జవాబు చెప్పాలి. "నేను నిరుపేదను, దయచూపండి" అని రాస్తే ఫైలు కదలదు. నోటీసు తీసుకున్నట్టు సంతకం పెట్టేటప్పుడు పక్కన తేదీ కూడా వేయండి. అప్పీలుకు ఇచ్చే 30 రోజులు అక్కడి నుంచే లెక్క.

ఇప్పుడు పాత సదరం సర్టిఫికెట్, కొత్తది పక్కపక్కన పెట్టుకోండి. రెండు లోపాలున్న మనిషిని ఒకే విభాగం డాక్టరు చూసి పంపేయడం తరచూ జరిగే తప్పు. ఉదాహరణకు ఒకరికి కంటి లోపం 30 శాతం, కాలి లోపం 20 శాతం ఉన్నాయనుకోండి. ఇక్కడ నేరుగా 50 అని కూడరు, నిబంధనల్లోని సూత్రంతో లెక్కిస్తారు. 90లోంచి పెద్ద అంకె 30 తీసేస్తే 60. దాన్ని 20తో గుణించి 90తో భాగిస్తే 13.3. దాన్ని 30కి కలిపితే 43.3. అంటే ఆయన అర్హుడే. కాలిని చూడకపోతే 30 దగ్గరే ఆగిపోతాడు.

ఒక్క కన్ను పూర్తిగా పోయి, రెండోది బాగుంటే మాత్రం నిబంధనల ప్రకారం వచ్చేది 30 శాతమే. వేరే లోపం లేకపోతే అప్పీలు చేసినా 40కి చేరదు. కంటిచూపును అద్దాలతో సరిచేశాకే కొలుస్తారు కాబట్టి అద్దాలు తీసేసి వెళ్లి లాభం లేదు.

గ్రామాల్లో ఎంపీడీఓకు, పట్టణాల్లో మునిసిపల్ కమిషనర్‌కు అప్పీలు ఇవ్వాలి. నోటీసు, రెండు సర్టిఫికెట్లు, ఆధార్, పరీక్షల రిపోర్టుల నకళ్లు జతచేయండి. ప్రైవేటు డాక్టరు "90 శాతం వైకల్యం" అని రాసిచ్చిన చీటీకి విలువ లేదు. ఆడియోగ్రామ్, బెరా (రెండూ వినికిడి పరీక్షలు), ఎక్స్‌రే, ఐక్యూ పరీక్ష వంటి రిపోర్టులకు ఉంటుంది. అసలు విషయం రెండు వాక్యాల్లో చెప్పండి: "కొత్త పరీక్షలో నా కాలి లోపాన్ని చూడలేదు. రెండు లోపాలనూ కలిపి లెక్కించమని కోరుతున్నాను." మంచం దిగలేని స్థితి ఉంటే ఆ సంగతి కూడా ఇందులోనే రాయండి. రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోకుండా ఆఫీసు నుంచి రావద్దు.

మళ్లీ పరీక్షకు పిలిచిన రోజు ఒరిజినల్ కాగితాలు, వినికిడి యంత్రం, క్యాలిపర్ (కాలికి ఆసరాగా కట్టే పట్టీ) ఏది వాడుతుంటే అది తీసుకెళ్లండి. బుద్ధిమాంద్యం ఉన్నవారి వెంట రోజూ చూసుకునే మనిషి ఉండాలి. డాక్టరు అడిగే ప్రశ్నలకు దారిన పోయే బంధువు సరిగా జవాబు చెప్పలేడు.

ఈ వ్యవస్థలో ముందుగా మారాల్సింది ఒకటుంది. సర్టిఫికెట్ మీద అంకె ఉంటుంది గానీ ఆ అంకె ఎలా వచ్చిందో ఉండదు. లెక్క కాగితం కూడా చేతికిస్తే దేనిమీద అప్పీలు చేయాలో, అసలు చేయాలో వద్దో ఎవరికి వారే తేల్చుకోగలరు. అంతవరకు సమాచార హక్కు చట్టమే దారి. పరీక్ష చేసిన ఆసుపత్రికి రూ.10 ఫీజుతో దరఖాస్తు చేసి మీ పరీక్ష పత్రాల నకలు అడగండి. పేదరికపు రేఖకు దిగువన ఉన్నట్టు ఆధారం చూపితే ఆ ఫీజు కూడా ఉండదు. జవాబుకు వాళ్లకూ 30 రోజుల గడువుంది, కాబట్టి అప్పీలును దానికోసం ఆపకండి.

అప్పీలులోనూ కాదంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం దివ్యాంగులకు అక్కడ ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. 60 ఏళ్లు దాటినవారు ఈలోగా రూ.4,000 వృద్ధాప్య పింఛనుకు మార్చే సంగతి ఎంపీడీఓ లేదా మునిసిపల్ కమిషనర్ ఆఫీసులో అడగండి.