డ్రాయింగులు లేని పాత ప్రెషర్ వెసెల్‌కు సర్టిఫికెట్: దరఖాస్తు విధానం

మూతబడిన ఫ్యాక్టరీలోనో వేలంలోనో కొన్న ప్రెషర్ వెసెల్‌కు, అంటే కంప్రెసర్ గాలిని ఒత్తిడితో నిల్వచేసే ఎయిర్ రిసీవర్ లాంటి ట్యాంకుకు, తరచుగా డ్రాయింగు ఉండదు, తయారీదారు సర్టిఫికెట్ ఉండదు. ఈమధ్య జీడిమెట్ల వైపు ఒక చిన్న యూనిట్ యజమాని, పాత తేదీతో సర్టిఫికెట్ తెచ్చిపెడతానన్న మధ్యవర్తికి డబ్బు కట్టారు. తనిఖీలో కాగితం మీది మందం ఒకటి, ట్యాంకు మందం ఇంకొకటి అని తేలింది. అలా కొనాల్సిన పనే లేదు. తయారీదారు కాగితం లేకపోతే కాంపిటెంట్ పర్సన్ (ఇలాంటి ట్యాంకులను పరీక్షించడానికి ప్రభుత్వ గుర్తింపు ఉన్న నిపుణుడు) పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే దారి ఉంది.

ఈ వివరాలు ఫ్యాక్టరీలో వాడే గాలి, ప్రాసెస్ వెసెల్స్‌కే. ఆవిరి బాయిలర్లకు బాయిలర్ల శాఖ వేరు, ఎల్పీజీ నిల్వ ట్యాంకులకు పెసో (కేంద్ర ప్రభుత్వ పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ) వేరు.

ముందు కాంపిటెంట్ పర్సన్ గుర్తింపు పత్రం అడిగి చూడండి. అందులో ప్రెషర్ వెసెల్స్ ఉన్నాయా, గడువు మిగిలి ఉందా? అడిగితే నొచ్చుకునేవారితో పని పెట్టుకోకండి. నేమ్‌ప్లేటు మీద గ్రైండర్ పెట్టనివ్వకండి. సన్న ఎమరీ కాగితంతో రుద్దితే చాలు. సీరియల్ నంబరు దొరికితే తయారీ కంపెనీకి రాయండి.

చాలామంది ఆగిపోయేది, ట్యాంకు ఎంత ప్రెషర్ తట్టుకుంటుందో చూపే లెక్కల షీటు దగ్గర. రికార్డు లేదంటే ఉక్కు ఏ రకమో, అతుకులకు ఎక్స్‌రే తీశారో లేదో తెలియదు. తెలియనిచోట తక్కువ బలమే పట్టాలి. లోపలి వ్యాసం 1000 మి.మీ., అల్ట్రాసోనిక్‌తో కొలిచిన కనీస మందం 8 మి.మీ. అనుకుందాం. రాబోయే తుప్పుకు 1.5 తీసేస్తే 6.5. ఉక్కుకు 100 మెగాపాస్కల్ ఒత్తిడి అనుమతిస్తే, పూర్తి ఎక్స్‌రే ఉన్న అతుకుతో షెల్‌కు (ట్యాంకు గుండ్రటి ఒంటికి) సుమారు 13 కేజీల ప్రెషర్ (చదరపు సెంటీమీటరుకు) వస్తుంది. ఎక్స్‌రే ఆధారం లేకపోతే, రెండువైపులా వెల్డింగ్ ఉన్నా 0.7 వంతే లెక్క. 9 కేజీల దగ్గర ఆగుతుంది. డిష్ ఎండ్‌కు (ట్యాంకు చివర ఉండే ఉబ్బెత్తు మూతకు) విడిగా లెక్క వేసి, రెండింటిలో తక్కువదే తీసుకోవాలి. అంకె తగ్గిందని కంగారు వద్దు. ఇప్పుడు ఎక్స్‌రే తీయించి అతుకులు బాగున్నాయని తేలితే పెరుగుతుంది.

ఉక్కు రకం తేల్చడానికి లోహంలోని మూలకాలు చూపే చేతి ఎక్స్‌రే గన్ ఒక్కటే చాలదు, అది కార్బన్‌ను చూపలేదు. కార్బన్‌ను కూడా కొలిచే స్పార్క్ స్పెక్ట్రో టెస్టు అడగండి.

హైడ్రో టెస్టు (ట్యాంకులో నీళ్లు నింపి ప్రెషర్ పెంచి చూసే పరీక్ష) పాసైన కాగితం ఒక్కటే తెచ్చి వెనక్కి వెళ్లినవారిని చూశాను. ఆ టెస్టు లెక్క తర్వాత, లెక్క చెప్పిన ప్రెషర్‌ను బట్టి చేయాలి. నీళ్లతోనే చేయించండి. గాలితో చేస్తామంటే ఒప్పుకోకండి, ట్యాంకు పగిలితే పక్కనున్నవారి ప్రాణాలు పోతాయి.

మందం కొలతల పటం, మెటీరియల్ రిపోర్టు, సంతకమున్న లెక్కల షీటు, హైడ్రో టెస్టు రిపోర్టు ఒకే ఫైల్లో పెట్టండి. సేఫ్టీ వాల్వ్‌ను కొత్త అంకెకు సెట్ చేయించాకే కంప్రెసర్ కలపండి.