తొలకరికి ముందు పొలాల్లో పురావస్తు సర్వే: జాగ్రత్తలు

విత్తనాలు పడకముందే ఖాళీ చేలలో కాలం తెలియని పూడిపోయిన నిర్మాణాలను, రాతి వలయాలను నమోదు చేయబోయేవారు గమనించవలసినవి ఇవి.

– ఊళ్లో రాక్షసగుళ్లని పిలిచే ఆ వలయాలు (ప్రాచీన సమాధుల చుట్టూ పేర్చిన రాళ్లు) ఎంత ఊరించినా, అనుమతి లేకుండా పార దించరాదు. పొరల వరుస ఒకసారి చెదిరితే, అందులోని బొగ్గుకు దాని వయసు తేల్చే కార్బన్-14 పరీక్ష చేయించినా ఆ తేదీ దేనికి చెందుతుందో చెప్పడం కష్టం.

– నల్లరేగడిలో పైన దొరికిన కుండపెంకును బట్టి కింది నిర్మాణానికి కాలం నిర్ణయించకూడదు. వేసవిలో విచ్చిన నెర్రెల్లోకి పై పెంకులు జారిపోతాయి, నేల తడిసి ఉబ్బినప్పుడు లోపలివి పైకి జరుగుతాయి. పాటిమట్టిని (పాత ఊరి దిబ్బల మట్టిని) ఎరువుగా తోలుకున్న చేలలోనైతే అవి అసలు వేరే దిబ్బ నుంచే వచ్చి ఉండవచ్చు.

– గుండ్రని జాడలన్నీ సమాధులు కావు. ధాన్యపు పాతర, పూడ్చిన బావి కూడా పైకి అలాగే కనిపించవచ్చు గనుక ముందు రైతును అడగాలి. చాలాసార్లు చిక్కు అక్కడే వీడిపోతుంది.

– నేలలోని అయస్కాంత తేడాలను కొలిచే మాగ్నెటోమీటరు వాడితే బోరు ఇనుప కేసింగును, ఇనుప కంచెను ముందే పటంలో గుర్తించాలి. వాటి ప్రభావం పాత కందకపు బలహీనమైన జాడను కప్పేస్తుంది.

– ఖచ్చితమైన అక్షాంశ రేఖాంశాలను పురావస్తు శాఖకిచ్చే నివేదికకే పరిమితం చేయాలి, ఎందుకంటే గుప్తనిధుల వేటగాళ్లకు అంతకు మించిన ఆధారం అక్కరలేదు.