"ఎప్పటి నుంచి?" అని అడిగారు డాక్టరు

పెళ్లయిన తొమ్మిదేళ్లకు నాకు శీఘ్రస్ఖలనం మొదలైంది. ఆఫీసు టెన్షన్ అనుకుని ఎనిమిది నెలలు నోరు మెదపలేదు. చివరికి యూరాలజిస్టు దగ్గర కూర్చుంటే ఆయన మొదట అడిగింది ఒకటే: "ఎప్పటి నుంచి?" మీరూ అక్కడే మొదలుపెట్టండి.

మొదటి కలయిక నుంచీ దాదాపు ప్రతిసారీ నిమిషంలోపే అయిపోతోందా? అయితే అది ఒంటి తీరే కావచ్చు. మెదడులో సెరటోనిన్ అనే రసాయనం పనిచేసే విధానానికీ దీనికీ సంబంధం ఉందంటారు వైద్యులు. అలా కాక, కొన్నేళ్లు బాగానే ఉండి, తర్వాత మూడు నిమిషాలకో అంతకన్నా తక్కువకో పడిపోయిందంటే ఒంట్లోనో మనసులోనో ఏదో మారిందన్నమాట. నాది ఈ రెండోది.

ఇంతకీ అసలు సమస్య ఉందో లేదో కూడా చూసుకోవాలి. అరగంట నిలవాలని నేను అనుకునేవాణ్ణి, ఎవరు చెప్పారో గుర్తు లేదు. ఐదు దేశాల జంటల చేతికి స్టాప్‌వాచ్‌లిచ్చి లెక్కించిన అధ్యయనం ఒకటి 2005లో వచ్చింది. అందులో సగం మందికి 5.4 నిమిషాల లోపే అయిపోయింది. ఎప్పుడో ఒకసారి తొందరగా అవడం జబ్బు కాదు.

డాక్టరు రెండో ప్రశ్నకు మాత్రం అబద్ధం చెప్పబోయి ఆగాను. "గట్టిదనం చివరిదాకా నిలుస్తోందా?" చాలామందిలో అసలు తంటా ఇక్కడే. ఎక్కడ మెత్తబడిపోతుందోనన్న భయంతో మగవాడు తొందరపడతాడు, ఆ తొందరే అలవాటైపోతుంది. అలాంటప్పుడు ముందు అంగస్తంభనకే వైద్యం. పైగా అంగస్తంభన తగ్గడం వెనక షుగరో, రక్తనాళాల జబ్బో దాగి ఉండొచ్చు. కాబట్టి ఈ ఒక్క ప్రశ్నకు సిగ్గుపడొద్దు.

మూత్రంలో మంట, పొత్తికడుపు కింద నొప్పి, స్ఖలనమప్పుడు నొప్పి ఉంటే ప్రోస్టేట్ (మూత్రాశయం కింద ఉండే గ్రంథి) వాపేమో చూస్తారు.

తర్వాత చేతులు చాపమన్నారు. వేళ్లు సన్నగా వణుకుతున్నాయి. ఆ ఏడాది ఆరు కిలోలు తగ్గాను, నడక పుణ్యమని మురిసిపోయాను కూడా. గుండె దడ, ఊరికే చెమటలు, నిద్ర పట్టకపోవడం: వీటిని దీనితో కలిపి ఆలోచించాలని నాకు తట్టనే లేదు. రక్తపరీక్షలో థైరాయిడ్ మితిమీరి పనిచేస్తోందని తేలింది. అదీ శీఘ్రస్ఖలనానికి ఒక కారణమే.

మనసు పాత్ర చిన్నదేం కాదు. ఒంటరిగా ఉన్నప్పుడు మామూలుగానే ఉండి, భాగస్వామి పక్కన ఉంటేనే తొందరగా అవుతుంటే ఆందోళన వైపు చూడాలి. ఇంట్లో తేలని గొడవ, చాలా రోజుల ఎడబాటు, పోయినసారి జరిగిందే మళ్లీ జరుగుతుందేమోనన్న బెంగ, ఏదైనా కావచ్చు. హస్తప్రయోగం వల్ల నరాలు బలహీనపడ్డాయని కుమిలిపోతుంటే మాత్రం ఆ మాట వదిలేయండి, అందులో నిజం లేదు. నిజానికి ఆ కుమిలిపోవడమే ఆందోళన పెంచుతుంది.

డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు ఓ కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకోండి: ఎప్పుడు మొదలైంది, సుమారు ఎన్ని నిమిషాలు, ప్రతిసారీనా అప్పుడప్పుడా, ఏయే మందులు వాడుతున్నారు, ఈమధ్య ఏవి మానేశారు. నిమిషాలు అంచనాగా చాలు. నేను గోడ గడియారం చూస్తూ లెక్కపెట్టబోతే నా భార్య ఫక్కున నవ్వింది, ఆ రోజు అంతటితో సరి.

ఆన్‌లైన్‌లో దొరికే పేరు తెలియని మాత్రల జోలికి పోకండి. శీఘ్రస్ఖలనానికి వాడే డపాక్సిటిన్ లాంటి అసలు మందులకు కూడా డాక్టరు చీటీ ఉండాలి, అవి అందరికీ పడవు. నాకు థైరాయిడ్‌ను అదుపు చేసే మాత్రలు రాసి, "దీనికి వేరే మందు సంగతి తర్వాత చూద్దాం" అన్నారాయన. నాలుగో నెల దాటాక ఆ అవసరం రాలేదు.