ఉత్తరించు స్థలం మీద చర్చ: ఏది ముందు, ఏది వెనక

ఆర్‌సీఎం (రోమన్ కతోలిక) ఇంటికీ లూథరన్ (ప్రొటెస్టెంటు) ఇంటికీ వియ్యం కలిసిన చోట, లేదా రెండు సంఘాలవాళ్లు కలిసి బైబిలు చదివే చోట, ఉత్తరించు స్థలం (పర్గటరీ, అంటే పరలోకానికి ముందు ఆత్మలు శుద్ధి పొందుతాయని కతోలికులు నమ్మే స్థితి) మాట ఎత్తితే పది నిమిషాల్లో వాదన పోపుగారి మీదికి పోతుంది. అక్కణ్నుంచి ఇండల్జెన్సుల (పాపశిక్షను తగ్గిస్తూ కతోలిక సభ ఇచ్చే మన్నింపుల) అమ్మకం, ఆ తర్వాత ఎవరో ఫాదరు, ఎవరో పాస్టరు చేసిన తప్పు. మూడు వేర్వేరు ప్రశ్నలు ఒకే ముద్దగా కలిసిపోవడమే దీనికి కారణం. వాటిని విడదీసి, సరైన వరుసలో పెట్టాలి.

ఒకటి: పాపి చేతిమీదుగా జరిగిన సంస్కారం (బాప్తిస్మం, అభిషేకం లాంటి పవిత్ర కార్యం) చెల్లుతుందా? రెండు: విశ్వాస విషయంలో చివరి మాట ఎవరిది? మూడు: క్షమాపణ పొందినా మలినం పూర్తిగా వదలని మనిషి దేవుని సన్నిధికి ఎలా చేరతాడు? ఉత్తరించు స్థలం మూడోదాని కిందికి వస్తుంది. దాంతో మొదలుపెట్టకండి.

పదిమందికి మించకుండా, గంటన్నర చొప్పున రెండు పూటలు చాలు. బల్ల మీద రెండు బైబిళ్లు ఉండాలి: 73 గ్రంథాలున్న కతోలిక బైబిలు, 66 గ్రంథాలున్న ప్రొటెస్టెంటు బైబిలు. ఒక్కటే పెడితే రెండో పూట చర్చ ఆగిపోతుంది. మాటలు కూడా ముందే సర్దుకోవాలి. కతోలికులు శ్రీసభ, తిరుసభ అంటారు, మిగతావాళ్లు సంఘం అంటారు. ఒకరికి జ్ఞానస్నానం, ఇంకొకరికి బాప్తిస్మం. ఎవరి మాట వాళ్లు వాడుకోవచ్చు, ఎదుటివాళ్ల మాటను దిద్దకూడదు. ఇంకో నియమం: ఖండించబోయే ముందు అవతలివాళ్ల వాదన తన నోటితో చెప్పాలి, వాళ్లు "ఔను, అదే" అన్నాకే జవాబు. విసుగనిపిస్తుంది కానీ సగం గొడవ దీనితోనే తగ్గుతుంది.

మొదటి పూట డొనాటిస్టుల వివాదం తీసుకోండి. అందులో ఇప్పటివాళ్లెవరూ లేరు కాబట్టి ఎవరికీ కోపం రాదు. 303లో డయోక్లీషియన్ చక్రవర్తి హింస మొదలయ్యాక ఉత్తర ఆఫ్రికాలో కొందరు బిషప్పులు లేఖనాల ప్రతులు అధికారులకు అప్పగించారు. తర్వాత కార్తేజికి సెసిలియన్ బిషప్పయ్యాడు. ఆయనను అభిషేకించినవారిలో ఒకడైన ఫెలిక్స్ అలా అప్పగించినవాడే కాబట్టి ఆ అభిషేకం చెల్లదని ఒక వర్గం విడిపోయింది. వాళ్లే డొనాటిస్టులు. విచారణలో ఫెలిక్స్ నిర్దోషి అని తేలినా చీలిక మానలేదు. 411లో కార్తేజిలో ఇరువైపులా కలిపి 500 మందికి పైగా బిషప్పులు కూడి వాదించుకున్నారు.

ఇక్కడ మత్తయి 13 తెరిచి గోధుమలు, గురుగుల ఉపమానం చదివించండి. కోతకాలం దాకా రెండూ కలిసే పెరుగుతాయి, సంఘమూ అంతేనన్నది డొనాటిస్టులను ఎదిర్చిన బిషప్పు అగస్తీను వైపు వాదన. డొనాటిస్టుల జవాబు 38వ వచనంలో ఉంది: పొలము లోకము అన్నాడు ప్రభువు, సంఘమనలేదు కదా! ఇది తేలిగ్గా కొట్టిపారేసే ప్రశ్న కాదు. ఇరవై నిమిషాలు దీని మీదే గడిచినా నష్టం లేదు. అగస్తీను అసలు బలం ఇంకోచోట ఉంది: సంస్కారం క్రీస్తుది, ఇచ్చే చేతిది కాదు.

అప్పుడు లూథరన్లకు వాళ్ల 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన చూపించాలి. ఎనిమిదో అంశం, దుష్టుల చేతిమీదుగా జరిగినా సంస్కారం ఫలిస్తుందని చెప్పి, డొనాటిస్టులను పేరుపెట్టి ఖండిస్తుంది. ఆంగ్లికన్ల 39 సూత్రాల్లో 26వది కూడా ఈ దారిదే. అంటే మొదటి ప్రశ్నలో కతోలికులూ లూథరన్లూ ఒకే పక్క. పాస్టరు పడిపోయాడని ఆయనిచ్చిన బాప్తిస్మం మళ్లీ తీసుకోవాలనేవాళ్లు, తెలియకుండానే, డొనాటిస్టుల పక్క ఉన్నారు.

రెండో ప్రశ్నకు, 1519లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో మార్టిన్ లూథరుకూ పోపు పక్షాన నిలిచిన పండితుడు ఎక్‌కూ జరిగిన వాదం కంటే మంచి పాఠం లేదు. అప్పటికి లూథరు ఉత్తరించు స్థలం లేదనలేదు. ఉందని నమ్ముతున్నాను, కానీ ప్రామాణిక లేఖనంతో రుజువు చేయలేమన్నాడు. ఎక్, ప్రొటెస్టెంటు బైబిల్లో లేని మక్కబీయుల రెండవ గ్రంథం 12వ అధ్యాయం చూపాడు. ఆ గ్రంథం ప్రామాణికం కాదన్నాడు లూథరు. అది ప్రామాణికమో కాదో తేల్చేదెవరు? బిషప్పుల మహాసభలంటే, ఆ సభలు కూడా తప్పు చేయగలవన్నాడు, కాన్‌స్టాన్స్ సభ ఖండించిన చెక్ బోధకుడు హుస్ మాటల్లో కొన్ని సువార్తకు తగినవేనన్నాడు. శుద్ధి గురించిన ప్రశ్న గ్రంథాల పట్టిక మీదుగా అధికారం దాకా ఎలా జారిందో ఇక్కడ అడుగడుగునా కనిపిస్తుంది. లూథరు ఉత్తరించు స్థలాన్ని పూర్తిగా తోసిపుచ్చింది 1530లో.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు: పోపుకు పాపమే లేదని కతోలికులు నమ్ముతారనుకోవడం. 1870లో మొదటి వాటికన్ సభ ప్రకటించింది పాపరాహిత్యం కాదు, కొన్ని షరతుల కింద చేసే బోధలో పొరపాటు లేకపోవడం. దీన్ని పరీక్షించడానికి 22వ యోహాను పోపు సంగతి పెట్టండి. పవిత్రులైన ఆత్మలకు కూడా తీర్పు దినం దాకా దేవుని ముఖదర్శనం ఉండదని ఆయన 1331లో ఫ్రాన్సులోని అవిన్యోనులో ప్రసంగించి, 1334లో చనిపోయే ముందు వెనక్కి తీసుకున్నాడు. 1336లో తర్వాతి పోపు 12వ బెనెడిక్టు దానికి విరుద్ధంగా నిర్ణయించాడు. యోహాను చెప్పింది సొంత అభిప్రాయమే, బోధాధికారంతో చెప్పింది కాదని కతోలికులంటారు. ఆ గీత ఎక్కడ గీస్తారో ముందే చెప్పండని ప్రొటెస్టెంటులు అడగాలి. మంచి ప్రశ్నే, అడగనివ్వండి.

రెండో పూట శుద్ధి. ప్రకటన 21:27తో మొదలుపెట్టండి. నిషిద్ధమైనదేదీ ఆ పట్టణంలోకి రాదు, ఇందులో ఎవరికీ పేచీ లేదు. చనిపోయే క్షణంలోనే విశ్వాసి ఆత్మ పరిశుద్ధతలో సంపూర్ణమవుతుందంటుంది ప్రెస్బిటేరియన్ల వెస్ట్‌మినిస్టర్ సంప్రదాయం. ప్రేమలో పరిపూర్ణత ఈ జీవితంలోనే దొరకవచ్చన్నాడు మెథడిస్టుల మూలపురుషుడు జాన్ వెస్లీ. క్షమించిన పాపానికి కూడా శిక్ష, దాని జాడ మిగులుతాయి, వాటికి మరణం తర్వాత శుద్ధి ఉందంటారు కతోలికులు. ఆధారంగా 2 సమూయేలు 12 చూపుతారు: దావీదుకు క్షమాపణ దొరికింది, బిడ్డ మాత్రం దక్కలేదు. అది శిక్షణే కానీ చెల్లింపు కాదని అవతలివాళ్లు హెబ్రీ 12 తెరుస్తారు. అసలు తేడా ఇదే: కడగడమా, బాకీ తీర్చడమా.

వచనాలతో జాగ్రత్త. మక్కబీయుల భాగంలో చనిపోయిన సైనికుల వస్త్రాల కింద విగ్రహాల తాయెత్తులు దొరుకుతాయి. మృతుల కోసం ప్రార్థన ఉందనడానికి ఆ భాగం గట్టి సాక్ష్యమే. కానీ విగ్రహారాధన చావైన పాపం (నరకానికి దారితీసేది), ఉత్తరించు స్థలం చిన్న పాపాలకు కదా అని ఎదురు ప్రశ్న వస్తుంది. జవాబు సిద్ధం చేసుకోకుండా ఆ పేజీ తిప్పకండి. 1 కొరింథీ 3:15లోని "అగ్నిలోనుండి తప్పించుకొన్నట్టు" అన్న మాటలోనూ చిక్కుంది. అక్కడ కాలేది పని, మనిషి కాదు. అసలు అగ్ని సంగతి ఉత్తరించు స్థలం మీద కతోలిక మహాసభలైన ఫ్లోరెన్స్ సభ, ట్రెంట్ సభ చేసిన నిర్ణయాల్లో లేదు. ఫ్లోరెన్సులో గ్రీకు (ఆర్థడాక్సు) సంఘంవాళ్లు దానికి అభ్యంతరం చెప్పారు. వాళ్లు మృతుల కోసం ప్రార్థిస్తారు, ఆ నిప్పును మాత్రం ఒప్పుకోరు.

ఇండల్జెన్సుల మాట తప్పకుండా వస్తుంది. డబ్బు తీసుకుని ఇచ్చేవాటిని 1567లో ఐదవ పియుస్ రద్దు చేశాడు, ఒక్కోటి ఇన్ని రోజుల, ఇన్ని సంవత్సరాల ప్రాయశ్చిత్తానికి సమానమన్న లెక్కను 1967లో ఆరవ పౌలు తీసేశాడు. ఈ రెండు తేదీలు చెప్పి ముందుకు కదలండి, సిద్ధాంతం మీద ప్రశ్న ఎలాగూ మిగులుతుంది.

చివరి పావుగంట, కతోలికులు మృతులను స్మరించే నవంబరు 2కు ఉంచండి. సమాధి దగ్గర ప్రొటెస్టెంటు అల్లుడు ఏం చేయాలన్నది ఇంటి ప్రశ్న. పూలు, కొవ్వొత్తులు, 1 కొరింథీ 15 చదవడం అందరికీ కుదురుతాయి. ఆత్మశాంతి విన్నపం ఫాదరుగారు, కతోలిక బంధువులు చేస్తారు, అల్లుడు మౌనంగా నిలబడి, తన వంతు రాగానే ఆ జీవితం కోసం కృతజ్ఞతా ప్రార్థన చేస్తే చాలు. ఈ ఏర్పాటు ముందు రోజే ఇంట్లో మాట్లాడుకోండి. శ్మశానంలో కొవ్వొత్తి వెలిగించాక కాదు.