కింది గీత చూడకుండా పై గీత చదవొద్దు: లేబర్ రూమ్‌లో సీటీజీ స్ట్రిప్

లేబర్ రూమ్‌లో కొత్తగా డ్యూటీలో చేరిన సిస్టర్ల కోసం ఇది రాస్తున్నాను. సీటీజీ అంటే బిడ్డ గుండె రేటును, తల్లి నొప్పులను కాగితం పట్టీ (స్ట్రిప్) మీద గీసే మెషీన్. నల్గొండలో నా పక్కన నిలబడి సీటీజీ నేర్చుకునేవాళ్లకు మొదట చెప్పేది ఒకటే. పై గీత బిడ్డ గుండెది, కింది గీత తల్లి నొప్పులది. అందరి చూపూ పై గీత మీదే ఉంటుంది. కానీ కింది గీత సరిగా పడకపోతే పై గీతను సగమే చదవగలం. గుండె రేటు ఎంత పడింది అన్నది ఎంత ముఖ్యమో, నొప్పితోపాటు పడిందా, నొప్పి తర్వాత పడిందా అన్నదీ అంతే ముఖ్యం.

అందుకని మెషీన్ ఆన్ చేసేముందు పొట్ట మీద చెయ్యి పెట్టండి. బిడ్డ వీపు ఉన్న పక్క నున్నగా, గట్టిగా తగులుతుంది. రెండో పక్క కాళ్లూ చేతులూ ఎగుడుదిగుడుగా తగులుతాయి. గుండె ప్రోబ్ (బిడ్డ గుండె చప్పుడు పట్టే బిళ్ల) వీపు పక్కన, కింద జెల్లీ రాసి పెట్టాలి. నొప్పుల ప్రోబ్‌కు జెల్లీ రాయకూడదు, జారిపోతుంది. దాన్ని పొట్ట పైభాగంలో, నొప్పి వచ్చినప్పుడు గర్భసంచి బాగా గట్టిపడే చోట కట్టాలి. లంగా బొందు వదులు చేయించి, ముడతలు లేకుండా బెల్ట్ వెయ్యండి. నొప్పి లేనప్పుడే జీరో బటన్ నొక్కండి. తల్లి పక్కకు తిరిగితే ఈ ప్రోబ్ జారుతుంది, కింది గీత చదునైపోతుంది. స్ట్రిప్ చూసి 'నొప్పులు లేవు' అని రాసేస్తారు, ఆ తల్లేమో మంచం కడ్డీ పట్టుకుని అరుస్తూ ఉంటుంది. ప్రోబ్ సరిచేసి, చేత్తో 10 నిమిషాలు నొప్పులు లెక్కపెట్టండి. నొప్పి ఎన్నిసార్లు వస్తోందో ప్రోబ్ చెబుతుంది, ఎంత గట్టిగా వస్తోందో మీ చెయ్యే చెప్పాలి.

అప్పుడే తల్లి నాడి కూడా పట్టుకోండి. మెషీన్ ఒక్కోసారి బిడ్డ గుండెకు బదులు తల్లి నాడిని గీస్తుంది, ముఖ్యంగా ముక్కే సమయంలో. నొప్పి వచ్చిన ప్రతిసారీ రేటు పైకి ఎగుస్తుంటే 'బిడ్డ హుషారుగా ఉంది' అని సంతోషపడకండి, అది తల్లిదేమో చూడండి.

కాగితం వేగం చూడటం మరిచిపోవద్దు. నిమిషానికి 1 సెంటీమీటరా, 3 సెంటీమీటర్లా? 1కి అలవాటుపడ్డ కళ్లకు 3లో నడిచిన స్ట్రిప్ చదునుగా కనిపిస్తుంది. వేరే ఆస్పత్రి నుంచి స్ట్రిప్‌తో వచ్చిన కేసుల్లో ముందు ఇదే చూడాలి.

ఇక చదవడం. బేస్‌లైన్, అంటే బిడ్డ గుండె నిలకడగా కొట్టుకునే రేటు, నిమిషానికి 110 నుంచి 160 మధ్య ఉండాలి. 160 దాటి అక్కడే నిలబడితే తల్లి జ్వరం చూడండి, ఉమ్మనీరు ఎప్పుడు పోయిందో అడగండి. మే నెలలో దేవరకొండ తండాల నుంచి ఎండలో ఆటోలో వచ్చిన తల్లికి నాలుక పిడచగట్టి ఉంటుంది. ఒంట్లో నీళ్లు తగ్గినా రేటు పెరగొచ్చు.

తర్వాత వేరియబిలిటీ, అంటే గీతలోని సన్నటి అదురు. నా దృష్టిలో స్ట్రిప్ మొత్తంలో అన్నిటికన్నా విలువైనది ఇదే. ఆ అదురు నిమిషానికి 5 నుంచి 25 బీట్ల వరకు ఉంటే బిడ్డ మెదడుకు ఆక్సిజన్ బాగానే అందుతోందని ధైర్యం. 5 కన్నా తగ్గితే వెంటనే టెన్షన్ పడక్కర్లేదు, బిడ్డ నిద్రలో ఉండొచ్చు. మెగ్నీషియం సల్ఫేట్, పెథిడిన్ లాంటి మందులు ఇచ్చినా తగ్గుతుంది. కానీ 50 నిమిషాలు దాటినా చదునుగానే ఉంటే ప్రమాదమే. రేటు 140 ఉంది కదా అని ఇలాంటి స్ట్రిప్‌ను పక్కన పెట్టేస్తారు. రేటు పడిపోయి గీతలో పెద్ద గుంత పడితే అందరూ పరుగెత్తుతారు, చదునైపోతున్న గీతను ఎవరూ పట్టించుకోరు. నాకు ఎక్కువ భయం ఈ రెండోదే.

రేటు 15 పెరిగి 15 సెకన్లు నిలిస్తే యాక్సిలరేషన్, మంచి గుర్తు. కాన్పు నొప్పుల్లో అవి లేకపోయినా మిగతావన్నీ బాగుంటే కంగారు వద్దు.

డిసెలరేషన్ల దగ్గరే, అంటే రేటు కాసేపు పడిపోయే గుంతల దగ్గరే, కింది గీత అక్కరకొస్తుంది. నొప్పితో మెల్లగా దిగి, నొప్పితోనే లేస్తే తల నొక్కుకోవడం వల్ల, అది భయపడాల్సింది కాదు. నిట్టనిలువుగా పడి గబుక్కున లేస్తే బొడ్డుతాడు నొక్కుకుంటోంది. ఎక్కువగా చూసేవి ఇవే. వేరియబిలిటీ బాగుంటే తల్లిని పక్కకు తిప్పి చూడొచ్చు. 60 సెకన్లు దాటినా, బేస్‌లైన్‌కు రావడానికి తంటాలు పడుతున్నా తేలిగ్గా తీసుకోవద్దు. నొప్పి మొదలయ్యాక ఆలస్యంగా, మెల్లగా దిగి, నొప్పి తగ్గాక గానీ లేవకపోతే అది లేట్ డిసెలరేషన్. మాయ నుంచి బిడ్డకు ఆక్సిజన్ చాలడం లేదు. అది లోతుగా లేకపోయినా ప్రమాదమే. సగానికి పైగా నొప్పులకు వస్తూ 30 నిమిషాలు సాగితే, వేరియబిలిటీ కూడా తగ్గి ఉంటే 20 నిమిషాలకే, పాథలాజికల్ (ప్రమాదకరం) అనాలి. ఒకే గుంత 3 నిమిషాలు దాటితే డాక్టర్‌ను కేకేసి, బొడ్డుతాడు జారిందేమో పీవీ (లోపలి పరీక్ష) చేసి చూడండి. పాత సిజేరియన్ అయితే కుట్టు విచ్చుకుందేమో అనుమానించండి.

ఆక్సిటోసిన్ (నొప్పులు పెంచే మందు) డ్రిప్ నడుస్తుంటే ముందు నొప్పులు లెక్కపెట్టండి. మొన్నామధ్య రెండో కాన్పుకు వచ్చిన అమ్మాయికి గుంతల మీద గుంతలు. అత్తమ్మ తలుపు దగ్గర 'సిస్టరమ్మా, కోస్తరా ఏంది?' అని ఏడుస్తోంది. చెయ్యి పెట్టి చూస్తే 10 నిమిషాల్లో 6 నొప్పులు, మధ్యలో గర్భసంచి వదులు కావడమే లేదు. డ్రిప్ ఆపి, ఎడమ పక్కకు తిప్పి, డాక్టర్‌కు చెప్పాం. కాసేపటికే గీత కుదుటపడింది, మామూలు కాన్పే అయింది. 10 నిమిషాల్లో నొప్పులు 5 దాటితే ఎక్కువే. డ్రిప్ ఆపినా తగ్గకపోతే గర్భసంచి వదులు కావడానికి డాక్టర్ టెర్బుటలీన్ చెప్తారు. బీపీ పడితేనే సెలైన్ వేగం పెంచాలి. మాస్క్ పెట్టి ఆక్సిజన్ ఇవ్వడం ఇప్పుడు తల్లికి అవసరమైతేనే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 100 కాన్పుల్లో 60కి పైగా సిజేరియన్లే. ఒక్క గుంత చూసి ఓటీకి (ఆపరేషన్ థియేటర్‌కు) తోసేసే అలవాటు మనకొద్దు. ఏ ఇబ్బందీ లేని తల్లికి డాప్లర్‌తో (చేత్తో పట్టుకుని బిడ్డ గుండె వినే చిన్న పరికరం) అప్పుడప్పుడు వినడమే చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది: మొదటి దశలో 15 నుంచి 30 నిమిషాలకోసారి, ముక్కేటప్పుడు 5 నిమిషాలకోసారి. బీపీ, షుగర్, పాత సిజేరియన్, ఉమ్మనీటిలో మలం, ఎదగని బిడ్డ, ఆక్సిటోసిన్: వీళ్లకు మెషీన్ తియ్యొద్దు.

ఓటీ లేని చోట పనిచేసేవాళ్ల లెక్క వేరు. అమ్రాబాద్, పదర వైపు నుంచి మహబూబ్‌నగర్ చేరడానికి రెండు గంటలు దాటుతుంది. అనుమానం ఉన్న స్ట్రిప్ అయితే అక్కడే కూర్చుని చూడకుండా డాక్టర్‌తో మాట్లాడి, ఎడమ పక్కకు పడుకోబెట్టి, స్ట్రిప్ చేతికిచ్చి పంపండి.

డాక్టర్‌కు ఫోన్‌లో 'సీటీజీ బాగాలేదు మేడమ్' అంటే ఏమీ అర్థం కాదు. ఇలా చెప్పండి: 'రెండో కాన్పు, 39 వారాలు, గర్భద్వారం 6 సెంటీమీటర్లు తెరుచుకుంది. బేస్‌లైన్ 150, అదురు 5 కన్నా తక్కువ. 20 నిమిషాలుగా సగానికి పైగా నొప్పులకు లేట్ డిసెలరేషన్లు. డ్రిప్ ఆపాను, పక్కకు తిప్పాను. వెంటనే రండి.' చెప్పిన టైమ్ స్ట్రిప్ మీదే పెన్నుతో రాయండి. తల్లి పేరు, ఐపీ నంబర్, నాడి కూడా రాయండి. మెషీన్ గడియారం తప్పుంటే గోడ గడియారం టైమ్ వేయండి. ఆ కాగితం మీది గీతలు కొన్నాళ్లకు వెలిసిపోతాయి, కాబట్టి జిరాక్స్ తీసి కేస్ షీట్‌లో పెట్టండి.